దూరపు చుట్టం తెచ్చిన పెట్టె

గురజాడ అప్పారావు ‘ముత్యాల సరములు’ 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వెలువడింది. నాటినుంచి నేటివరకు ఆ ఖండికమీద తెలుగులో వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం ఛందస్సు చుట్టూ, సంఘసంస్కరణ చుట్టూ తిరిగింది. మూడు, నాలుగు మాత్రల మిశ్రగతి తెలుగు కవిత్వాన్ని ఎలా మలుపు తిప్పిందో చెప్పే వ్యాసాలు కోకొల్లలు. సహపంక్తి భోజనాల కాలంలో ఆ కవిత ఎంత సాహసోపేతమో చెప్పే వ్యాసాలు అంతకు రెట్టింపు. ఈ రెండింటి నడుమ ఆకాశంలో వెలిగిన అసలు వస్తువు, అంటే హేలీ తోకచుక్క, మరుగున పడిపోయింది.

కవి తోకచుక్కను సంస్కరణ యాత్రకు ఎత్తిన పతాకగా భావించాడని రాస్తే ఏ పరీక్షలోనైనా మార్కులు పడతాయి. ఆ ఖండికలోనే మరో మాట ఉంది. తోకచుక్క భూమికి దూరపు చుట్టమనీ, తన దారిన తాను పోతూ ఒకసారి పలకరించిపోవడానికి వచ్చాడనీ దాని భావం. పతాక ఎంత ఉపమానమో చుట్టరికమూ అంతే ఉపమానమని పాఠకులూ అధ్యాపకులూ అనుకుంటూ వచ్చారు. అక్కడే పొరపాటు జరిగింది. ఒక వస్తువును పతాక అన్నప్పుడు దాన్ని ప్రయోగశాలలో తేల్చే మార్గం లేదు. చుట్టం అన్నప్పుడు ఉంది. గత నలభై ఏళ్ళలో వ్యోమనౌకలు చేసినది ఆ పరీక్షే. దాని ఫలితాలు తెలిసిన పాఠకుడికి ఈ ఖండిక పాఠ్యపుస్తకాలు చూపించిన దానికన్నా ఎంతో ధైర్యం గల రచనగా కనిపిస్తుంది.

ఆ ధైర్యం తెలియాలంటే 1910 మే నెల ఎలా గడిచిందో గుర్తు చేసుకోవాలి. అదే ఏడు జనవరిలో మరొక తోకచుక్క పట్టపగలే కనిపించి లోకాన్ని ఒకసారి ఉలిక్కిపడేలా చేసింది. తరువాత హేలీ వచ్చింది. మే 6న ఇంగ్లండులో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి మరణించడంతో రాజారిష్టమన్న పాత నమ్మకానికి కొత్త రుజువు దొరికినట్లయింది. అన్నిటికీ మించి మే 18, 19 తేదీలలో భూమి ఆ తోకలోంచే నడిచిపోతుందని ఖగోళవేత్తలు లెక్కకట్టారు. ఆ తోకలో సయనోజన్ అనే విషవాయువు ఉన్నట్లు వర్ణపటం చూపించింది. ఫ్రెంచి శాస్త్రవేత్త కమీల్ ఫ్లామారియోన్ ఆ వాయువు వాతావరణంలో కలిసి జీవకోటిని తుడిచిపెట్టవచ్చునన్నాడని పత్రికలు అచ్చువేశాయి. అమెరికాలో తోకచుక్క విషానికి విరుగుడంటూ మాత్రలు అమ్ముకున్నవారున్నారు. జ్యోతిషం చెప్పిన భయాన్ని చదువుకున్నవాడు కొట్టిపారేయగలడు. ఆ ఏడు భయం శాస్త్రం వేషం వేసుకుని వచ్చింది. అటువంటి వేళ విజయనగరంలో కూర్చున్న కవి, వచ్చినది చుట్టమని చెప్పాడు.

చుట్టమన్న మాటకు ఆనాటి ఉత్తరాంధ్ర పల్లెలలో ప్రత్యేకమైన బరువు ఉండేది. విశాఖపట్నం, గోదావరి జిల్లాల రేవులనుంచి వేలాదిమంది ఓడలెక్కి బర్మా వెళ్ళేవారు. వారి నోట రంగూన్ ‘రంగం’ అయింది. కోరంగి రేవు పేరుమీద బర్మాలో వారు ‘కోరంగీ’లయ్యారు. రేవులో బస్తాలు మోసినవారు, ధాన్యపు మిల్లులలో చెమటోడ్చినవారు, రిక్షాలు లాగినవారు వారే. ఈనాడు మింగళ తౌంగ్‌న్యున్ పేటలో కందౌజీ అని పిలిచే చెరువు ఆ రోజులలో రాయల్ లేక్. విజయనగరంలో గురజాడ చూసిన తోకచుక్కే ఆ మే నెల వేకువలలో ఆ చెరువుకు తూర్పున కూడా పొడిచింది. రంగం వెళ్ళినవాడు ఏళ్ళ తరువాత ఊరికి తిరిగివస్తే వాకిట్లో చేరిన జనానికి రెండు ఆసక్తులు: పెట్టెలో ఏం తెచ్చాడన్నది మొదటిది; ఇన్నేళ్ళ తరువాత ఇంకా మనవాడేనా అన్నది రెండవది. తోకచుక్కల దగ్గరికి మనిషి పంపిన యంత్రాలు ఆరా తీసినవి కూడా సరిగ్గా ఈ రెండు సంగతులనే.

హేలీతో మొదటి పలకరింపు 1986లో జరిగింది. హేలీ మళ్ళీ వచ్చింది. ఈసారి కంటికి పెద్దగా ఆనలేదు. 1910లో తాతలు చెప్పిన వైభవాన్ని ఊహించుకుని మేడలెక్కినవారు నిరాశతో దిగివచ్చారు. కాని సోవియట్ ‘వేగా’ నౌకలు రెండు, జపాను నౌకలు రెండు, ఐరోపావారి ‘జియోట్టో’ దానికి ఎదురు వెళ్ళాయి. మార్చి 13, 14 తేదీల నడిరేయి జియోట్టో సెకనుకు 68 కిలోమీటర్ల వేగంతో కేంద్రకానికి 596 కిలోమీటర్ల దూరంలోంచి దూసుకుపోయింది. అత్యంత సమీపానికి చేరడానికి కొద్ది సెకన్ల ముందు ఒక ధూళికణం తగిలి నౌక గింగిరాలు తిరిగింది. అరగంటపాటు భూమితో మాట తెగిపోయింది. కెమెరా మరి కోలుకోలేదు. అప్పటికే అది పంపిన చిత్రాలలో పదిహేను కిలోమీటర్ల పొడవున వేరుసెనగకాయను పోలిన ఒక ముద్ద కనిపించింది. దాని ఒళ్ళు బొగ్గులా నల్లన. మీదపడిన సూర్యకాంతిలో నూటికి నాలుగు వంతులు మాత్రమే తిప్పి పంపుతుంది. ఆకాశాన వెండిజల్లులా మెరిసినదంతా ఆ నల్లటి పెంకు పగుళ్ళలోంచి ఎగజిమ్మిన ఆవిరీ ధూళీ. ఆ ఆవిరిలో నూటికి ఎనభై పాళ్ళు నీరు.

నీరని తేలగానే ‘మనవాడేనా’ అన్న ప్రశ్నకు పరీక్ష దొరికింది. అన్ని నీళ్ళూ ఒకటి కావు. సాధారణ హైడ్రోజన్‌తోపాటు నీటిలో అక్కడక్కడ దానికి రెట్టింపు బరువుండే డ్యుటీరియం కూడా ఉంటుంది. గోదావరి ఒడ్డున మణుగూరు దగ్గర కర్మాగారంలో వేరుచేసే భారజలం ఈ డ్యుటీరియంతో కూడినదే. భూమిమీది సముద్రాలలో పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు సుమారు 156 డ్యుటీరియం పరమాణువులున్నాయి. మంచు ఎంత చల్లనిచోట పుడితే అందులో డ్యుటీరియం అంత ఎక్కువగా చేరుతుంది. అందుచేత ఈ నిష్పత్తి నీటికి పుట్టుమచ్చ వంటిది. ఎక్కడ తిరిగినా పుట్టినచోటు చెబుతుంది.

హేలీలో ఆ నిష్పత్తి సముద్రపు నిష్పత్తికి దాదాపు రెట్టింపని తేలింది. భూమిమీది సముద్రాలను నింపినది తోకచుక్కలేనన్న అందమైన ఊహకు అది తొలి దెబ్బ. తరువాత 2011లో హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని హార్ట్‌లీ-2 అనే చిన్న తోకచుక్కను పరిశీలించి, దాని నీరు సముద్రపు నీటిని చాలావరకు పోలి ఉందని చెప్పింది. ఊహకు మళ్ళీ ప్రాణం వచ్చింది. 2014లో ‘రోసెట్టా’ నౌక 67పి/చుర్యుమోవ్–గెరసిమెంకో వద్దకు చేరి కొలిస్తే పది లక్షలకు 530 వచ్చింది. అంటే సముద్రానికి మూడు రెట్లకు పైమాట. పత్రికలు తోకచుక్కల కథ ముగిసిందని రాశాయి. ముగియలేదు. అవే రోసెట్టా కొలతలను 2024లో ఒక పరిశోధక బృందం మళ్ళీ తరచి చూసి, కేంద్రకం దగ్గరి ధూళికణాలు భారజలాన్ని ఎక్కువచేసి చూపించి ఉండవచ్చునని, ధూళి పలుచబడిన దూరంలో నిష్పత్తి తగ్గుతోందని ప్రకటించింది. వైద్యశాలలో రక్తపరీక్షల కాగితాలు చూసేవారికి ఇది అలవాటైన అనుభవమే. నమూనా ఎక్కడ తీశారన్నది ఫలితమంత ముఖ్యం. ఇప్పటికి ఎక్కువమంది ఒప్పుకునే మాట ఇది: సముద్రాలను నింపిన నీటిలో పెద్దభాగం గ్రహశకలాల వంటి శిలలు తెచ్చినదే అయివుండాలి, తోకచుక్కల వంతు ఉన్నా కొద్దిపాటిదే. గురజాడ సోదరుడనలేదు, తండ్రి అనలేదు, దూరపు చుట్టమన్నాడు. ఆ విశేషణాన్ని ఏ వ్యాఖ్యాతా పట్టించుకోలేదు గాని అది అక్షరాలా సరిపోయింది.

ఇక పెట్టె సంగతి. దానిని నిజంగా భూమిమీదికి తెచ్చినది అమెరికావారి ‘స్టార్‌డస్ట్’. 1999లో బయలుదేరి, 2004 జనవరి 2న విల్ట్-2 అనే తోకచుక్క చుట్టూ కమ్ముకున్న ధూళిలోంచి సాగిపోయింది. సెకనుకు ఆరు కిలోమీటర్ల వేగంతో వచ్చే కణాలను చెదిరిపోకుండా పట్టడానికి ఏరోజెల్ అనే పదార్థాన్ని వాడారు. అది గట్టిపడిన పొగను పోలి ఉంటుంది. 2006 జనవరి 15న ఆ పళ్ళెం ఉన్న గుళిక యూటా ఎడారిలో దిగింది. తెరిచి చూసినవారికి మొదటి ఆశ్చర్యం రాళ్ళను చూసి కలిగింది. సౌరకుటుంబపు శీతల సరిహద్దులలో పుట్టిన వస్తువులో వెయ్యి డిగ్రీలకు మించిన వేడిలో మాత్రమే ఏర్పడే ఖనిజాలు దొరికాయి. సూర్యుని పక్కన కొలిమిలో పుట్టిన రేణువులు అంత దూరం కొట్టుకుపోయి మంచులో చిక్కుకున్నాయన్నమాట. గ్రహాలు పుట్టకముందు సూర్యుని చుట్టూ తిరిగిన పదార్థం ఇంటాబయటా ఎంతగా కలగలిసిందో అప్పటిదాకా ఎవరూ అంత స్పష్టంగా చూడలేదు. శీతలదేశంనుంచి వచ్చినవాడి పెట్టె అడుగున పుట్టింటి పొయ్యి బూడిద కనిపించినట్లయింది.

రెండవ ఆశ్చర్యం గ్లైసిన్. ప్రోటీన్లను కూర్చే ఎమినో ఆమ్లాలలో అతి చిన్నది. దీనిని ప్రకటించడానికి మూడేళ్ళు పట్టడం ఆ శాస్త్రవేత్తల నిజాయితీకి గుర్తు. ప్రయోగశాలలో నమూనాలను తాకిన నైలాన్ సంచులనుంచి కూడా ఇటువంటి పదార్థాలు అంటుకోగలవు. గ్లైసిన్‌లోని కార్బన్ పరమాణువుల బరువును వేరుగా తూచి, భూమిమీది జీవులలో ఉండే కార్బన్ కన్నా అది బరువైనదని తేల్చిన తరువాతే 2009లో అది తోకచుక్కదేనన్నారు. 2016లో రోసెట్టా తన తోకచుక్క చుట్టూ ఉన్న వాయువులలో గ్లైసిన్‌ను, దానితోపాటు ఫాస్ఫరస్‌ను అక్కడికక్కడే పసిగట్టింది. డీఎన్ఏ వెన్నెముకలో ఉండేది ఆ ఫాస్ఫరస్సే.

రోసెట్టా గురించి ఇక్కడ కొంచెం ఆగక తప్పదు. 2004 మార్చిలో బయలుదేరి పదేళ్ళు నడిచి, 2014 ఆగస్టు 6న గమ్యం చేరి, రెండేళ్ళకు పైగా తోకచుక్కకు తోడు నడిచిన నౌక అది. అంతకు ముందటివన్నీ రైలు కిటికీలోంచి చూసినట్లు చూసి వెళ్ళిపోయినవే. నవంబరు 12న అది ‘ఫైలీ’ అనే చిన్న పరికరాన్ని కేంద్రకంమీదికి దించింది. నేలను పట్టుకోవలసిన కొక్కేలు పేలలేదు. పరికరం బంతిలా ఎగిరి, గంటల తరబడి తేలిపోయి, చివరికి ఒక బండ నీడలో ఒరిగిపోయింది. ఎండ తగలక బ్యాటరీ రెండు రోజులకు కొద్దిగా పైన మాత్రమే నిలిచింది. అది ఎక్కడ పడిందో 2016 సెప్టెంబరులో, నౌక పని ముగియడానికి నెల కూడా లేనప్పుడు, ఒక చిత్రంలో దొరికింది. రోసెట్టా వాసన కూడా పట్టింది: కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్, ముక్కు ఘాటెక్కించే అమోనియా, హైడ్రోజన్ సయనైడ్.

ఆఖరి పేరు దగ్గర 1910 గుర్తుకు రావాలి. ఆనాడు లోకాన్ని వణికించిన సయనోజన్‌కు ఇది దగ్గరి బంధువు. మనిషి ఊపిరి తీసేదిగా పేరుపడిన ఈ సయనైడ్‌నుంచే ఎమినో ఆమ్లాలూ జన్యుపదార్థపు మూలాంశాలూ ఏర్పడే దారులున్నాయని రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగాలలో చూపించారు. తోకచుక్కలే భూమిమీద జీవానికి విత్తనం వేశాయని దీనివల్ల రుజువు కాదు. అలా రాసే జనరంజక పుస్తకాలు సాక్ష్యానికి మించి మాట్లాడుతున్నాయి. ముడిసరుకు తెచ్చినవాడు మేస్త్రీ కాడు.

అంతకంటే సూటిగా తేలిన విషయం గాలిలో ఉంది. 2016లో రోసెట్టాను తోకచుక్కకు చాలా దగ్గరగా వారాలపాటు తిప్పి అందులోని జెనాన్ వాయువును కొలిచారు. జెనాన్ దేనితోనూ త్వరగా కలవని వాయువు. కొన్నిచోట్ల శస్త్రచికిత్సలో మత్తుమందుగా వాడతారు. భూమి వాతావరణంలో అది కోటి పాళ్ళలో ఒక పాలుకైనా రాదు. దాని ఐసోటోపుల పంపకం ఉల్కలలోని జెనాన్‌తో సరిపోలకపోవడం దశాబ్దాలుగా చిక్కుముడిగా ఉండేది. తోకచుక్క జెనాన్‌ను ఐదింట ఒక వంతుకు కొంచెం ఎక్కువగా కలిపితే లెక్క సరిపోయింది. 2017లో వెలువడిన ఆ ఫలితం అర్థం ఇది: గాలిలోని జెనాన్‌లో సుమారు 22 శాతం తోకచుక్కలు తెచ్చినది. అణువులు ఎంత చిన్నవంటే, మనిషి తీసుకునే ప్రతి శ్వాసలోనూ ఆ వాయువు పరమాణువులు కోటానుకోట్లుగా ఉంటాయి. 1910 మే 18 రాత్రి తోకచుక్క గాలి ఊపిరితిత్తులలోకి వస్తుందని తలుపుల సందులు కాగితంతో మూసుకున్నవారు ఆ గదుల్లో పీల్చినది కూడా అదే.

గురజాడ మాటకు లొంగని సంగతి కూడా ఒకటుంది. దానిని దాచడం కవికి గౌరవం కాదు. చుట్టమన్న మాటలో భయపడవలసిందేమీ లేదన్న ధ్వని ఉంది. 1994 జూలై 16 మొదలు 22 వరకు షూమేకర్–లెవీ-9 తోకచుక్క తునకలు ఒకదాని వెంట ఒకటిగా గురుగ్రహంమీద పడ్డాయి. గురునివైపు ప్రయాణిస్తున్న ‘గెలీలియో’ నౌక ఆ తాకిడిని నేరుగా చూసింది. ఏర్పడ్డ నల్లని మచ్చలలో కొన్ని భూమికన్నా విశాలమైనవి. తోకచుక్క వల్ల రాజులు చావరు, కరువులు రావు అన్నంతవరకు కవి సరైనవాడే. ఏ తోకచుక్కా ఏ గ్రహానికీ హాని చేయదనుకుంటే మాత్రం అది పాత నమ్మకాన్ని తిరగేసి పట్టుకున్న మరో నమ్మకం అవుతుంది. 2005 జూలై 4న ‘డీప్ ఇంపాక్ట్’ నౌక టెంపెల్-1 మీదికి కావాలని ఒక లోహపు దిమ్మెను విసిరి, లోపలి పదార్థం ఎంత మెత్తనిదో చూసింది. 67పి సాంద్రత నీటి సాంద్రతలో సగమేనని రోసెట్టా చెప్పింది. నాలుగింట మూడు వంతులు డొల్ల. ఎదురుపడేవాడి గుణం తెలుసుకోవడానికి ఇవన్నీ అవసరమైన కొలతలు.

ఈ చుట్టరికానికి హద్దు ఎక్కడన్నది కూడా ఇటీవలే తెలిసివచ్చింది. ‘న్యూ హొరైజన్స్’ నౌక 2019 జనవరి 1న నెప్ట్యూన్‌కు ఎంతో అవతల ఆరోకాత్ అనే ఎర్రని వస్తువును దాటింది. రెండు ముద్దలు నెమ్మదిగా ఒరుసుకుని అతుక్కుపోయి, నాలుగు వందల యాభై కోట్ల ఏళ్ళుగా పెద్దగా మారకుండా ఉండిపోయిన రూపం అది. చెదరని పాత ఇల్లు. 67పి జంట ముద్దల ఆకారం అలా ఎందుకున్నదో చెప్పడానికి అది తోడ్పడింది. ఇక 2025 జూలై 1న చిలీలోని ఒక దూరదర్శిని పట్టుకున్న 3ఐ/అట్లాస్ ఈ కుటుంబానికే చెందదు. మరో నక్షత్రం దగ్గర పుట్టి ఇటు వచ్చిన మూడవ అతిథి. జేమ్స్ వెబ్ దూరదర్శిని దాని ఆవిరిలో నీటికన్నా కార్బన్ డయాక్సైడ్ ఎన్నో రెట్లు ఎక్కువగా చూసింది. మన తోకచుక్కలలో అంత తేడా అరుదు. పరాయి ఇంటి వంట వాసన. అది గ్రహాంతరవాసుల నౌక అంటూ తెలుగు యూట్యూబ్ ఛానెళ్ళు వారాల తరబడి ఊదరగొట్టాయి. భూమికి దాదాపు 27 కోట్ల కిలోమీటర్ల దూరంలోనే అది తన దారిన పోయింది. నూట పదిహేనేళ్ళ కిందటి మాత్రల వ్యాపారం వీడియోల రూపంలో తిరిగివచ్చింది. ఆ కాలంలో దానికి జవాబు చెప్పడానికి తెలుగులో ఒక కవి ఉండెను. ఈసారి దినపత్రికలలో ఒక పేరా దొరకడమే గగనమైంది.

తెలుగునేలకు తోకచుక్కలతో సంబంధం లేకపోలేదు. హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివి, తండ్రి పనిచేసిన నిజామియా వేధశాలలో ఆకాశం చూడడం నేర్చుకున్న వైను బప్పు 1949లో హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉండగా ఒక తోకచుక్కను కనిపెట్టాడు. బప్పు–బోక్–న్యూకర్క్ అని దానికి పేరు. ‘ముత్యాల సరములు’ పాఠం చెప్పే ఎన్ని తరగతి గదులలో ఆ పేరు వినబడుతుంది? ఛందస్సు చెప్పాలి, సంస్కరణా చెప్పాలి. దానితోపాటు నీటి పుట్టుమచ్చనూ ఊపిరిలోని జెనాన్‌నూ చెబితే పాఠం ఒక గంట పొడుగవుతుంది, అంతే. ఆ గంట దండగ అనేవారు గురజాడను సగమే చదివారు.

హేలీ తోకచుక్క 2023 డిసెంబరు 9న నెప్ట్యూన్ కక్ష్యకు ఆవల, సూర్యునికి అతి దూరమైన చోటుకు చేరి వెనక్కు తిరిగింది. అక్కడ దాని వేగం సెకనుకు ఒక కిలోమీటరుకు లోపే. 2061 జూలై 28న సూర్యుని దగ్గరికి వస్తుంది. ఇప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్నవారికి అప్పటికి యాభై దాటదు.